ఉల్టా పుస్తకం

"అట్ల కాదు డాడీ. కుడి దిక్కు నుంచి చదవాలె" అంది మా అమ్మాయి.

ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. సెలవులకు సంగారెడ్డి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని జపాన్ బొమ్మల కథ ఏదో చూస్తోంది. పొడుగు కోట్లు వేసుకున్న బడి పిల్లలు, పైకి దువ్విన జుట్లు, చేతుల్లో ఇనుప గొట్టాలు. నేను వెనకనుంచి వంగి ఒక బొమ్మ మీద వేలు పెట్టి, "వీడు ముందు కింద పడ్డాడు, తర్వాత దెబ్బ తిన్నాడు, ఇదేం కథ" అన్నాను. నేను వరస తప్పి చూస్తున్నానని దానికి అర్థమైంది. నవ్వి ఆ మాట చెప్పింది.

అందులో తప్పేమీ లేదు. కానీ నేను అక్కడ నిలబడలేకపోయాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. సరిగ్గా అదే మాట, అట్లాగే నవ్వుతూ, పదిహేనేళ్ల కింద పటాన్‌చెరు కంపెనీ క్యాంటీన్లో నలుగురి ముందు నేను ఒకాయనతో అన్నాను. మా అమ్మాయి ఆ మాట అనేనాటికి ఆయన చనిపోయి ఆరు నెలలు దాటింది. బస్టాండులో పాత కంపెనీ మనిషి ఒకడు కనబడి చెబితే తెలిసింది. తెలిసి కూడా నేను ఆయన ఊరికి పోలేదు. పోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆయన పేరు రాయను. కంపెనీలో పేరుతో పిలిచినవాళ్లు కూడా తక్కువే. మొదట అందరూ మేకులన్న అనేవాళ్లు. తర్వాత ఉల్టా అన్న అన్నారు. ఆ రెండో పేరు రావడానికి కారణం ఒక పుస్తకం. ఆ పేరు నిలిచిపోవడానికి కారణం మాత్రం నేనే.

మాది గేర్లు కోసే కంపెనీ. నేను స్టోర్స్‌లో క్లర్కును. ఆయన అదే స్టోర్స్‌లో పెట్టెలు దించి, విప్పి, సామాను ర్యాకుల్లో పెట్టే మనిషి. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ దిక్కు మనిషి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు ఒకటి ఉండేది. ఎట్ల తగిలిందన్నా అంటే, "సిన్నప్పటిది" అనేవాడు. గాటు చూస్తే అంత చిన్నప్పటిదిగా కనిపించేది కాదు.

చెక్కపెట్టె విప్పేటప్పుడు మేము గునపం దూర్చి ఒక్క గుంజు గుంజేవాళ్లం. మేకులు వంకర్లు తిరిగి నేల మీద పడేవి. ఆయన ఒక్కొక్కటే ఏరుకొచ్చి, ఇనుప దిమ్మె మీద పెట్టి, చిన్న సుత్తితో తడుతూ, తిప్పుతూ మళ్లీ తడుతూ సాపు చేసేవాడు. సాపైనదాన్ని కంటి దగ్గర పెట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. చూసి బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు.

"కంపెనీల మేకులకు కరువొచ్చిందా అన్నా" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"వంగింది గని ఇరగలే కద తమ్మీ" అనేవాడు.

నాకు నోరెక్కువ. మా ఇంట్లో ఇప్పటికీ అదే మాటంటారు. ఎవరైనా తప్పు మాట్లాడితే దిద్దేదాకా నాకు నిద్ర పట్టదు. ఆయన దగ్గర దిద్దడానికి నాకు ఏదో ఒకటి దొరుకుతూనే ఉండేది. ఇన్వాయిస్‌ను 'ఇన్వాసు' అనేవాడు. జపాన్‌ను 'జప్పాన్' అనేవాడు. నేను దిద్దేవాణ్ణి. ఆయన "సరే" అనేవాడు. మర్నాడు మళ్లీ జప్పాన్ అనేవాడు.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. తింటున్న మనిషిని ఎవ్వరు లేపినా ఒప్పుకునేవాడు కాదు.

క్యాంటీన్‌కు అరగంట టైము. సైరన్ కొట్టగానే సూపర్‌వైజర్ తలుపు దగ్గరకొచ్చి కేకలేసేవాడు. ఎవడో ఒకడు బక్కోడు, బీహార్ నుంచి కొత్తగా వచ్చినవాడు, సగం అన్నం ముందు పెట్టుకుని లేవబోయేవాడు. ఈయన వెనక నుంచి వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టేవాడు. సూపర్‌వైజర్‌కూ వాడికీ మధ్య వెళ్లి నిలబడేవాడు. గొంతు పెంచేవాడు కాదు. "తిననియ్" అనేవాడు. అంతే. వాడు కడుపునిండా తిని చెయ్యి కడిగేదాకా అక్కడి నుంచి కదిలేవాడు కాదు.

ఒకసారి నాతోనే పేచీ పడింది. సామాను లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. దించే మనిషి క్యాంటీన్లో ఉన్నాడు. పిలవడానికి నేనే పోయాను.

"తింటుండు. తిననియ్" అన్నాడు.

"లారీ నిలబడ్డదన్నా."

"నిలబడనియ్."

"డ్రైవర్ నా మీద లేస్తుండు."

"డ్రైవర్‌ను గూడ పిల్వు. ఆయన గూడ తింటడు."

నలుగురూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే మేనేజర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. మేనేజర్ ఆయనకు మెమో ఇచ్చాడు. ఆయన ఆ కాగితాన్ని చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి, మేకుల డబ్బాలో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున నాతో మామూలుగానే మాట్లాడాడు. నాకు అది ఇంకా కోపం తెప్పించింది.

ఆ రోజుల్లోనే కంపెనీకి జపాన్ నుంచి కొత్త మిషన్లు వచ్చాయి. బిగించడానికి ముగ్గురు ఇంజనీర్లు వచ్చి, మూడు నెలలు గెస్ట్‌హౌస్‌లో ఉండి పోయారు. వాళ్లు వదిలేసిన చిల్లర సామాను పనికిరాని రద్దు కింద మా స్టోర్స్‌కు వచ్చింది. ఖాళీ సీసాలు, తెగిన చెప్పులు, ఒక గొడుగు. వాటి కింద అరచేతంత వెడల్పు, రెండు వేళ్ల మందంతో ఒక పుస్తకం. లోపలంతా నల్లసిరా బొమ్మలు.

ఆయన దాన్ని తీసి, నేల మీద గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పేజీ తిప్పాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. నేను పిలిచినా పలకలేదు. చివరికి తలెత్తి, "తమ్మీ, ఇది నేను తీసుకుంట" అన్నాడు. నన్ను ఆయన అడిగిన వస్తువు అదొక్కటే. రద్దులో దానికి లెక్కేముంది. తీసుకోమన్నాను.

మర్నాటి నుంచి క్యాంటీన్లో కథ మొదలైంది.

తిన్నాక పది నిమిషాలు మిగిలేవి. ఆ పది నిమిషాలు ఆయన పుస్తకం తెరిచి బొమ్మలు చూపిస్తూ చెప్పేవాడు. ఆయన మొదటి అట్ట అనుకున్నదాని మీద నవ్వుతూ ఒక అమ్మాయి ఉండేది, చేతిలో ఏదో పొట్లం. "ఈ పిల్లనే కథ చెప్తది" అనేవాడు. ఆ తర్వాత పేజీలో వాన. వానలో ఒక సమాధి. సమాధి ముందు ముళ్లలాగా జుట్టు నిక్కబొడుచుకున్న ఒక పిల్లగాడు మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తుంటాడు. వాడికి ఆయన ముళ్లకంపోడని పేరు పెట్టాడు. చచ్చిపోయినవాడు వాడి దోస్తు. ఆ దోస్తు నల్ల కోటును చేతులు తొడుక్కోకుండా భుజాల మీద వేసుకుని తిరుగుతాడు. మా దిక్కు గొర్రెలు కాసేవాళ్లు గొంగడి వేసుకున్నట్టు. అందుకని వాడు గొంగడోడయ్యాడు.

"వీళ్లు గూడ బ్యాచ్‌గాళ్లే. ఇంకో బ్యాచ్‌తోటి లొల్లి. గొంగడోడు సచ్చిపోయిండు. ఇప్పుడు సూడుండ్రి" అని పేజీ తిప్పేవాడు.

చచ్చి పడున్న గొంగడోడు తర్వాతి పేజీలో లేచి నిలబడతాడు. ఒంటి మీది నెత్తురు పేజీ పేజీకీ తగ్గుతుంది. మీదికొచ్చిన వాళ్లు వెనక్కి వెనక్కి పోతారు. మధ్యలో మళ్లీ పడిపోయి ఉంటాడు, మళ్లీ లేస్తాడు. అట్లా మూడుసార్లు. మూడోసారి లేచాక ఇద్దరూ ఇంటిముఖం పడతారు. ఆఖరి పేజీలో గొంగడోడు ఇంట్లో కూర్చుని, గిన్నెలో సేమియా లాంటిది తింటుంటాడు. తలుపు తెరిచి ఉంటుంది. గడపలో ఎవరూ ఉండరు. అదీ ఆయన కథ.

ఎంతమంది గుమిగూడేవాళ్లని! గ్రైండింగ్ వాళ్లు, పెయింటింగ్ వాళ్లు, ఒడియా పిల్లలు. భాష రానివాళ్లకు బొమ్మలే చాలు. గొంగడోడు మూడోసారి లేచే పేజీ దగ్గర బల్లలు చరిచేవాళ్లు. కథ అయిపోయాక మళ్లీ సమాధి నుంచి మొదలుపెట్టమనేవాళ్లు. ఆయన ఆఖరి పేజీ దగ్గర ఎప్పుడూ కాసేపు ఆగేవాడు. పుస్తకాన్ని వెంటనే మూసేవాడు కాదు.

నేను దూరంగా కూర్చుని వినేవాణ్ణి. నాకు లోపల దురద. మా నాయన ఉర్దూ మీడియంలో చదివాడు. ఇంట్లో ఉర్దూ పుస్తకాలు ఉండేవి. వాటి మొదటి అట్ట మనకు చివర ఉంటుంది. ఈ పుస్తకం కూడా అదే తీరున ఉందని నాకు రెండో రోజే అనుమానం వచ్చింది. ఆ నవ్వే అమ్మాయి సేమియా ప్యాకెట్టు అమ్ముతున్న అమ్మాయి. అది వెనక అట్ట మీద వేసిన ప్రకటన.

నాలుగైదు నెలలకు మిషన్లలో ఒకటి మొరాయిస్తే ఒక జపాన్ ఇంజనీరు మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట మద్రాసు నుంచి మాటలు తర్జుమా చేసే ఒకాయన వచ్చాడు. తెలుగువాడే. మధ్యాహ్నం భోజనానికి నేను ఆయన్ని మా క్యాంటీన్‌కు తీసుకొచ్చాను. కావాలనే తీసుకొచ్చాను. కథ మంచి పట్టులో ఉంది. నేను పోయి అందరి మధ్య నిలబడి, "అట్ల కాదన్నా. కుడి దిక్కు నుంచి చదవాలె" అన్నాను. నవ్వుతూ అన్నాను. అన్న చేతిలోంచి పుస్తకం తీసుకుని, తిరగేసి, తర్జుమా ఆయన చేతిలో పెట్టాను.

తర్జుమా ఆయన పేజీలు తిప్పాడు. "అవునండి, ఇటు నుంచే. ఇది బడిరౌడీల కథ. ఈ జుట్టు అబ్బాయి వచ్చి, భోంచేస్తున్న తన స్నేహితుణ్ణి కొట్లాటకి పిలుస్తాడు. అక్కడ స్నేహితుడు చనిపోతాడు. అప్పుడు ఈ అబ్బాయి కాలంలో వెనక్కి వెళ్తాడు, ఆ కొట్లాట జరగకముందుకి. కాపాడాలని. కుదరదు. మళ్లీ చనిపోతాడు. మళ్లీ వెళ్తాడు. మూడోసారి కూడా అంతే. ఆఖర్ని సమాధి. మిగతాది రెండో భాగంలో అని ఉంది" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు పుస్తకం మీదికి వంగి చూశారు. తర్వాత ఎవడో, "అరె, అంతా ఉల్టా చెప్పిండురా అన్న" అన్నాడు. నవ్వులు మొదలయ్యాయి. నేనూ నవ్వాను.

అన్న నవ్వలేదు, కోప్పడలేదు. తర్జుమా ఆయన్ని, "రెండో దాంట్ల బతుకుతడా సార్?" అని అడిగాడు.

"నేను చదవలేదండి. తెలీదు."

ఆయన పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. నా మొహంలోకి చూసి, ఎప్పటి గొంతుతోనే చెప్పాడు. "మీ దిక్కు నుంచి సదివితే మూడుసార్లు సస్తుండు తమ్మీ. నా దిక్కు నుంచి సదివితే మూడుసార్లు లేస్తుండు."

మర్నాడు క్యాంటీన్‌కు పుస్తకం తేలేదు. ఆ తర్వాత కూడా తేలేదు. ఉల్టా అన్న అనే పేరు మిగిలింది. నేను గెలిచాను. ఆ పది నిమిషాలు ఏం చెయ్యాలో తోచక జనం బీడీలు కాల్చుకునేవాళ్లు. నా గెలుపుకు దక్కింది అంతే.

వారం దాటిందో లేదో, శనివారం ఫస్ట్ షిఫ్టు దిగి ఇద్దరం ఒకే బస్సెక్కాం. సంగారెడ్డి బస్సు. సీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆయన కూర్చోలేదు. ఆయన బస్సులో ఎప్పుడూ కూర్చునేవాడు కాదు. కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. మోకాళ్ల నొప్పులేమో అనుకునేవాణ్ణి. ఆ రోజు నా మనసు కూడా బాగాలేదు. "కోపమొచ్చిందా అన్నా" అని అడిగాను.

"నువ్వన్నది తప్పు కాదు తమ్మీ" అన్నాడు. నా సీటు దిక్కు చూపిస్తూ, "సీటు మీద దస్తీ ఏస్తరు సూడు, కిటికీలకెల్లి" అన్నాడు.

వేస్తారు. మా దిక్కు ఎవరికి తెలియదు? బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు విసిరితే ఆ సీటు మనదే. దస్తీ వేసిన సీట్లో ఇంకొకడు కూర్చుంటే లొల్లే.

"గా దస్తీ కాడనే లొల్లి. నాకు ఇరవై ఏండ్లుండె. సంగారెడ్డిల మాదొక బ్యాచ్. బెల్‌బాటం ప్యాంట్లు, గింత గింత జుట్లు, నడుముకు సైకిల్ చైన్లు. నేను ఏసిన దస్తీ ఇంకో బ్యాచోడు తీసి కింద పారేసిండు. కాలుతోని తొక్కిండు. ఇగ అది దస్తీ కాదు, ఇజ్జత్ అయింది."

ఆయన అంత పొడుగు మాట్లాడటం నేను అదే వినడం. బస్సు మోతలో వంగి వినాల్సి వచ్చింది.

"నా దోస్తు ఊర్లె ఉండె. ఆనికి ఏం తెల్వదు. సైకిలేసుకొని పోయిన. తినే తలె ముంగట కూసున్నడు. జొన్నరొట్టె, పుంటికూర. నేను గడపల నిలబడి 'లే, రా, జల్దీ రా' అన్న. వాళ్లమ్మ అన్నది, 'తిననియ్ బిడ్డా, రెండు బుక్కలు' అన్నది. నేను, 'వచ్చి తింటడు పెద్దమ్మా' అన్న. సగం రొట్టె ఇడిసి లేసిండు. చెయ్యి గూడ కడుక్కోలే. అంగీకి తుడుసుకున్నడు."

తర్వాత చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. బస్సు సంగారెడ్డి దగ్గరకొచ్చాక మళ్లీ అందుకున్నాడు. "నేను గూడ లోపలికి పోయిన, కేసుల. బయటికొచ్చి సక్కగ వాళ్లింటికే పోయిన. నన్ను తిట్టాలె, కొట్టాలె అనుకున్న. పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలే. తలె పెట్టింది. తిన్న. ఆ దినం నుంచి ప్రతి ఐతారం పోత. కట్టెలు కొడ్త, నీళ్లు మోస్త. తలె పెడ్తది, తింట, వస్త. పదేండ్లు తమ్మీ. పదేండ్లు ఒక్క మాట లేదు."

"మరి?"

"ఈ పుస్తకం తీస్కపోయిన. సమాధి కాడి నుంచి బొమ్మలు సూపెట్టుకుంట చెప్పిన. గొంగడోడు లేసి నిలబడంగనే అడిగింది, 'మళ్ల లేస్తడా?' అని. గదే మొదటి మాట. పదేండ్లకు."  కిటికీ దిక్కు తిరిగాడు. "ఇప్పుడు ప్రతి ఐతారం అడుగుతది, కథ చెప్పు అని. రేపు ఐతారం. ఏ దిక్కు నుంచి చెప్పాలె తమ్మీ?"

ఆ మాటకు నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. అంత విన్నాక కూడా నాలోని మేష్టరు నోరు మూసుకోలేదు. "అబద్ధం చెప్పొద్దు కదన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాను.

"సరే" అన్నాడు. ఇన్వాయిస్ దిద్దినప్పుడు అన్నట్టే అన్నాడు.

బస్సు దిగి ఆయన కొండాపూర్ ఆటోల దిక్కు పోయాడు. నేను ఇంటికి పోయి తిని పడుకున్నాను. ఆ ఆదివారం ఏమైందని ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఏం వినాల్సి వస్తుందోనని భయం. ముసలామె మళ్లీ మాట మానేసిందంటే ఆ పాపం నాదే. తర్వాత కొన్నేళ్లకు కంపెనీ మూతబడింది. నేను సంగారెడ్డిలోనే ఇంకో పనిలో కుదిరాను. ఆయన ఊరికి పోయాడని విన్నాను.

మా అమ్మాయి ఆ మాటన్న మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆటో ఎక్కి కొండాపూర్ పోయి, అక్కడి నుంచి ఊరి పేరు పట్టుకుని అడుగుతూ పోయాను. ఊళ్లో ఆయన పేరు చెబితే, "ముసలమ్మ కొడుకా?" అన్నారు. కాదనబోయి ఊరుకున్నాను.

వాళ్లు చూపించింది ఆ దోస్తు తల్లి ఇల్లే, రెండు గదుల పెంకుటిల్లు. పక్కన రేకులతో వేసిన చిన్న వసారా. ఆయన ఉన్నది అందులోనట. మంచం ఇంకా అట్లాగే ఉంది. గోడ వారగా కొట్టిన కట్టెలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ముసలామె గడపలో కూర్చుంది. కళ్ల మీద తెల్లటి పొర. నేను ఎవరో చెప్పాను. కంపెనీలో అన్నతో కలిసి పనిచేశానన్నాను.

"స్టోరుల రాసెటోనివా?" అంది.

 అవునన్నాను.

"నీ ముచ్చట చెప్పెటోడు. ఏం తప్పు మాట్లాడినా దిద్దుతవంట కద" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "కూసో బిడ్డా. పొయి మీద రొట్టె ఉన్నది. తిందువు."

పక్కింటామె తలె తెచ్చి పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు.  చివరి బుక్క దాకా తిన్నాను. ఆ ఇంట్లో సగం వదిలేసి లేవడం ఎట్లా? నేను తిన్నంతసేపూ ఆమె మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చాక లోపలికి తడుముకుంటూ పోయి ఒక డబ్బా తెచ్చింది. బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే మేకులు, అన్నీ సాపుగా ఉన్నవి. వాటి మీద నాలుగు మడతల కాగితం, దాని మీద పుస్తకం. ఆ కాగితం ఏమిటో విప్పకుండానే తెలిసింది. నా మూలంగా వచ్చిన మెమోను ఆ మనిషి పదిహేనేళ్లు దాచుకున్నాడు. ఎందుకో నాకు తెలియదు. బహుశా పారేయడం చేతకాకేమో.

"పెద్దమ్మా" అన్నాను. ఇక దాచలేకపోయాను. "ఈ పుస్తకం ఆ దిక్కు నుంచి చదవాలని అన్నకు చెప్పింది నేనే. ఉన్నది ఉన్నట్టు నీకు చెప్పమన్నది గూడ నేనే."

"ఎరుకే. చెప్పిండు" అంది ఆమె. "ఆ ఐతారం వచ్చి నా ముంగట కూసున్నడు. పెద్దమ్మా, ఇన్నొద్దులు తప్పు చెప్పిన, అస్సలు కథ గిట్ల ఉన్నదని తిరగేసి మొత్తం చెప్పిండు. గడపల నిలబడి పిలిసింది. తినేటోడు లేసింది. కొట్లాట. సమాధి. చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్సిండు."

"మరి నువ్వేమన్నవు?"

"ఏమంట? ఇటు నుంచి నాకెరుకే బిడ్డా. ఇటు నుంచి నేను సూసిందే. అటు నుంచి చెప్పు అన్న."

నేను తలొంచుకున్నాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఆమెకు కనబడవని తుడుచుకోలేదు.

"ఇగ ప్రతి ఐతారం అటునుంచే చెప్పిండు, పోయే దాంక. ఆ మాటకొస్తే ఆ దినమే నన్ను పెద్దమ్మా అనుడు మానిపిచ్చిన. అమ్మా అను అన్న." పుస్తకాన్ని చేత్తో నిమిరింది. "ఆడు పోయినంక ఎవరు చెప్పలే. నాకు కండ్లు కనవడయి. నువ్వు సదువుకున్నోనివి. చెప్తవా?"

పుస్తకం నా చేతికిచ్చింది. దాని మూలలు అరిగి, మెత్తబడ్డాయి. మధ్యలో పేజీలకు అన్నం మెతుకులతో అతుకులు వేసి ఉన్నాయి. నేను దాన్ని ఎడమ దిక్కు నుంచి తెరిచాను.

"ముందు ఒక పిల్ల నవ్వుకుంట నిలబడ్డది పెద్దమ్మా. ఈ పిల్లనే కథ చెప్తది" అన్నాను.

"ఆఁ, ఆ పిల్లనే" అంది.

వాన చెప్పాను. సమాధి చెప్పాను. ముళ్లకంపోడి ఏడుపు చెప్పాను. ఆయన ఎక్కడ ఆగేవాడో, ఎక్కడ గొంతు తగ్గించేవాడో నాకు గుర్తున్నంతవరకు అట్లాగే చెప్పాను. నేను మరిచిపోయిన చోట ఆమె అందించింది. గొంగడోడు మొదటిసారి లేచినప్పుడు "ఊఁ" అంది. రెండోసారి లేచినప్పుడు కాళ్లు ముడుచుకుని దగ్గరికి జరిగింది. మూడోసారి లేచినప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది. కొట్టడానికొచ్చిన వాళ్లు వెనక్కిపోయారు. ఇద్దరు దోస్తులు ఇల్లు చేరారు. గడపలో నిలబడి పిలిచినవాడు పేజీ తిప్పేసరికి గడపలో లేడు.

ఆఖరి పేజీ వచ్చింది. నేను క్యాంటీన్లో దూరం నుంచే చూసిన ఆ బొమ్మను మొదటిసారి దగ్గరగా చూశాను. చిన్న ఇల్లు. కోటు గోడకు తగిలించి ఉంది. వాడు నేల మీద కూర్చుని, గిన్నె మీదికి వంగి తింటున్నాడు. వెనక ఇంకో గదిలో ఒక ఆడమనిషి వీపు సగం కనిపిస్తోంది. ఇన్నిసార్లు కథ విన్నాను, ఆ మనిషి ఉందని నాకు తెలియదు.

"ఇంట్లెకొచ్చిండు పెద్దమ్మా. తింటుండు. గడపల ఎవ్వరు లేరు. వాళ్లమ్మ లోపల్నే ఉన్నది" అన్నాను.

ఆ పేజీ తర్వాత మిగిలిన అట్ట తిప్పబోయాను. ఆమె చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది.

"ఇగ ఆపు కొడుకా" అంది. "తిననియ్."